దుమ్ముకు స్కేలు లేదు

ఢిల్లీ మునిర్కాలో మెజెంటా లైన్ మెట్రో ఎక్కి, హౌజ్‌ఖాస్‌లో దిగి ఎల్లో లైన్‌లోకి మారే మనిషి ఎస్కలేటర్ అందుకునే తొందరలో గమనించడు గానీ, ఆ కాస్త నడకలో ఒక రైల్వే కులం నుంచి ఇంకో రైల్వే కులంలోకి దూకేస్తాడు. మునిర్కా అడుగున పరుచుకున్న పట్టాల మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే స్టాండర్డ్ గేజ్ అది. ఎల్లో లైన్‌ది 1,676. సికింద్రాబాద్‌లోనూ విజయవాడలోనూ మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్న బ్రాడ్‌గేజ్. ఢిల్లీ మెట్రో మొదలైన రోజుల్లో దాని సారథి శ్రీధరన్ స్టాండర్డ్ గేజ్ కావాలన్నారు, రైల్వే వాళ్లు బ్రాడ్‌గేజ్ ఉండాలన్నారు, రైల్వే మాటే నెగ్గింది. తర్వాతి దశకు గాలి మారింది. 2010 ఏప్రిల్‌లో ఇందర్‌లోక్–ముండ్‌కా మార్గం ఊళ్లో తొలి స్టాండర్డ్ గేజ్ లైనుగా తెరుచుకుంది. 2018 మే నెలలో మునిర్కా స్టేషన్ వచ్చేనాటికి కొత్త లైన్లన్నీ ఆ దారి పట్టాయి.

ఈ 241 మిల్లీమీటర్ల తేడా ప్రయాణికుడికి లెక్కలోకి రాదు. బల్ల మీద బుల్లి రైళ్లు నడుపుకునే వాళ్ల మధ్య మాత్రం ఇది తీరని తగువు.

ఎందుకో లెక్క వేస్తే తేలిపోతుంది. బుల్లి రైళ్లలో బాగా చెలామణీలో ఉన్న ఎన్ స్కేలులో వస్తువు అసలు సైజులో 160వ వంతు ఉంటుంది. బజార్లో దొరికే ఎన్ పట్టా 9 మిల్లీమీటర్లు. 1,435ను 160తో భాగిస్తే 8.97. ఇంకా చిన్నదైన జెడ్ స్కేలు 220వ వంతు. దాని పట్టా 6.5 మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం రావలసింది 6.52. అంటే మునిర్కా కింద తిరిగే బండిని నమూనాగా చేయాలనుకున్నవాడికి పట్టాల బెంగ లేదు, కొని పరుచుకోవడమే. అదే, ఊరికి వెళ్లేటప్పుడు ఎక్కే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను చేయాలనుకుంటే ఎన్‌లో పదిన్నర మిల్లీమీటర్ల పట్టా, జెడ్‌లో 7.6 మిల్లీమీటర్ల పట్టా కావాలి. పెద్ద కంపెనీల కేటలాగుల్లో ఆ కొలతలు ఉండవు. ఢిల్లీలో తెలుగువాడు తన ఊరి రైలు కన్నా తన గది కింద నడిచే రైలునే నిక్కచ్చిగా చేసుకోగలడన్నమాట.

మరి మిగతావాళ్లు ఏం చేస్తున్నారు? సర్దుకుపోతున్నారు. జపానులో పాత రైలు మార్గాలు చాలావరకు 1,067 మిల్లీమీటర్లవి. వాళ్లు 150వ వంతు బోగీలు చేసి అదే 9 మిల్లీమీటర్ల పట్టా మీద నడుపుతారు. లెక్క ప్రకారం ఆ పట్టా 1,350 మిల్లీమీటర్ల గేజ్‌తో సమానం. షింకన్‌సెన్ మాత్రం స్టాండర్డ్ గేజ్ కాబట్టి దాన్ని బుద్ధిగా 160వ వంతు చేస్తారు. ఇంగ్లండులో రైళ్లే కాస్త చిన్నవి. అప్పట్లో దొరికే మోటార్లు వాటి నమూనా ఇంజిన్లలో పట్టలేదు. దాంతో 148వ వంతుకు పెంచి, పట్టా మాత్రం 9 దగ్గరే ఉంచేశారు. మోటారు కుదించుకోకపోతే బండినే పెంచారు! మనవాళ్లలో కొందరు 160వ వంతు బోగీ చేసి 9 మిల్లీమీటర్ల మీద నడిపి, మిల్లీమీటరున్నర తేడాకు కళ్లు మూసుకుంటారు. బ్రాడ్‌గేజ్‌కు 9 మిల్లీమీటర్లు సరిగ్గా అతకాలంటే 186వ వంతు చేయాలి. చేయొచ్చు గానీ ఆ సైజులో మనుషులుండరు, చెట్లుండవు, కార్లుండవు. అన్నీ తానే చెక్కుకోవాలి.

ఢిల్లీలో గేజ్ గొడవే లేని రైలు కూడా ఒకటుంది. మునిర్కాకు దగ్గర్లోనే, చాణక్యపురిలో, 1977 ఫిబ్రవరి 1న తెరిచిన జాతీయ రైలు మ్యూజియంలో పటియాలా మోనోరైలు నిలిచి ఉంది. 1907 నాటి ఆ బండికి ఒకే పట్టా. ఒరిగిపోకుండా పక్కన రోడ్డు మీద ఒక పెద్ద చక్రం. దాన్ని చూసినప్పుడు, ఇంతకన్నా సులువైన నమూనా ఇంకోటి ఉండదనిపిస్తుంది. చేసి చూసినవాడు ఏమంటాడో వేరే సంగతి.

జెడ్ స్కేలును 1972లో జర్మనీలోని నూరెంబర్గ్ బొమ్మల సంతలో మార్క్‌లిన్ కంపెనీ బయటపెట్టింది. 1859లో బొమ్మరిళ్ల వంటసామాను చేస్తూ మొదలైన కంపెనీ అది. ఇంతకన్నా చిన్నది ఎవరూ చేయలేరన్న ధీమాతో అక్షరమాలలో ఆఖరి అక్షరం పెట్టుకున్నారని చెబుతారు. ఆ ధీమా ముప్ఫై నాలుగేళ్లు నిలిచింది. 2006లో టోక్యో బొమ్మల ప్రదర్శనలో ఐషిండో అనే జపాను సంస్థ టి గేజ్ చూపించింది: పట్టాల మధ్య 3 మిల్లీమీటర్లు, స్కేలు 450వ వంతు. అందులో నిలువెత్తు మనిషి నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ. ఆవగింజను పట్టాల పక్కన పడేస్తే గేదె దాపున పడుకోదగ్గ బండరాయి.

ఇంత చిన్నవాటితో కుస్తీ పట్టేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాలన్నిటినీ ఒకచోట పోగేస్తే ఒక విషయం బయటపడుతుంది. ఏ చిట్కా కూడా రైలును చిన్నది చేయడం గురించి కాదు. అది ఫ్యాక్టరీ చూసుకుంది. రైలుతోపాటు చిన్నవి కావడానికి మొరాయించిన వాటితో ఎలా వేగాలన్నదే చిట్కాలన్నిటి సారం. ఆ మొరాయించేవాటిలో మొదటిది బరువు.

లాలాగూడ షెడ్డు నుంచి వచ్చే వ్యాప్-7 ఇంజిన్ బరువు 123 టన్నులు. పొడవు 220వ వంతు అయితే వెడల్పూ ఎత్తూ కూడా 220వ వంతే అవుతాయి. బరువు మూడు వైపులా తరిగిపోతుంది. కోటీ ఆరు లక్షల చిల్లరతో భాగించాలి. మిగిలేది పదకొండున్నర గ్రాములు. టి గేజ్‌లో గ్రామున్నర కూడా ఉండదు. అసలు ఇంజిన్ తన భారంతో పట్టాను నొక్కుకుంటూ పోతుంది. దీనికి ఆ భారమే లేదు. పట్టా నుంచి చక్రంలోకి కరెంటు ఎక్కాలంటే లోహం లోహాన్ని గట్టిగా తాకాలి. పదకొండు గ్రాముల ఒత్తిడి ఏపాటిది? అందుకే జెడ్ ఇంజిన్ పైభాగాన్ని లోహంతో పోస్తారు, ఖాళీ దొరికిన మూలల్లో టంగ్‌స్టన్ ముద్ద కూరుతారు. సీసం కన్నా టంగ్‌స్టన్ బరువెక్కువ. ఆ మూలలు ఎంతెంత చిన్నవంటే అక్కడ ఆ తేడాయే దక్కుడు. టి గేజ్ వాళ్లు వేరే ఉపాయం పన్నారు. ఇంజిన్ చక్రాలకు అయస్కాంతం, పట్టాకు ఇనుము. బరువు చేయలేని పని ఆకర్షణతో చేయించారు. అందుకే ఆ బండ్లు ఏ రైలూ ఎక్కలేని ఏటవాలును కూడా ఎక్కేస్తాయి. దానికి మూల్యం కూడా ఉంది. దాపున ఇనుప రజను ఉందంటే చక్రాలు దాన్ని వెతికి మరీ అంటించుకుంటాయి.

రెండోది దుమ్ము. ఇక్కడ ఢిల్లీ ప్రస్తావన తప్పదు.

మే నెల సాయంత్రం రాజస్థాన్ వైపు నుంచి ఆంధీ లేస్తుంది. తలుపులు బిగించినా, కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కినా, తెల్లారేసరికి బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. మిల్లీమీటరులో పదో వంతు ఇసుక రేణువును జెడ్ పట్టా మీద ఊహించండి. 220 రెట్లు పెంచితే అది రెండు సెంటీమీటర్ల పైన ఉండే రాయి. టి గేజ్‌లో నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే అసలు రైలు మార్గంలో స్లీపర్ల మధ్య పోసే కంకర రాయి ఒకటి తెచ్చి నేరుగా పట్టా మీద పెట్టినట్టే. చలికాలంలో వార్తల్లో రోజూ వినే పీఎం 2.5 కణం కూడా ఈ లెక్కన జెడ్ ప్రపంచంలో అర మిల్లీమీటరు పైచిలుకు గింజ అవుతుంది. ఊపిరితిత్తుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు గానీ, చక్రానికి అది చాలు.

అందుకే ఈ లోకంలో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా అవతలివాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘ముందు పట్టాలు తుడిచారా?’ ఇంజిన్ ఆగి ఆగి పోతోందంటే పట్టాలు తుడిచారా. లైటు మిణుకుతోందంటే పట్టాలు తుడిచారా. అడిగించుకున్నవాడికి ఒళ్లు మండుతుంది గానీ, సాధారణంగా జవాబు అక్కడే ఉంటుంది.

ఎలా తుడవాలన్నదాంట్లో మాత్రం రెండు పక్షాలు. గరుకు కాగితం, ఇనుప పీచు వాడకూడదన్నంతవరకు ఎవరికీ పేచీ లేదు. అవి పట్టా మీద కంటికి కనిపించని గీతలు వేస్తాయి, ఆ గీతల్లో మరింత మురికి చేరుతుంది. ఇనుప పీచు ముక్కలైతే మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపలికే దూరతాయి. గొడవంతా ద్రవం దగ్గర మొదలవుతుంది. ఒకరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటారు. మందుల షాపులో దొరుకుతుంది, చిటికెలో ఆరిపోతుంది. ఇంకొకరు అది శుభ్రం చేసినట్టే చేసి సన్నటి పొర వదిలిపోతుందనీ, ఆ పొర చిన్న చిన్న నిప్పురవ్వలను పుట్టించి మళ్లీ నలుపు పట్టిస్తుందనీ, కిరోసిన్ జాతి ద్రవమే మేలనీ వాదిస్తారు. తుడిచాక మెత్తటి పెన్సిల్‌తో పట్టా లోపలి అంచున ఒక్కసారి గీస్తే ఆ గ్రాఫైట్ నెలల తరబడి కాపు కాస్తుందని మూడో మాట. ఎక్కువ గీస్తే చక్రాలు జారతాయి. ఎక్కువంటే ఎంతో ఎవరికి వారు తెలుసుకోవలసిందే.

చక్రాలు తుడవడానికి మాత్రం ఒక ముచ్చటైన పద్ధతుంది. పాత పంచె ముక్కను రెండంగుళాల పేలికగా చించి, ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద అడ్డంగా పరుస్తారు. ఇంజిన్ వెనక చక్రాలు పట్టా మీదే ఉంచి, ముందు చక్రాలు ఆ పేలిక మీదికి తెస్తారు. కరెంటు వదలగానే వెనక చక్రాలు పట్టా నుంచి కరెంటు తాగుతాయి, ముందు చక్రాలు తడిగుడ్డ మీద ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఇంజిన్ జారిపోకుండా రెండు వేళ్లతో పట్టుకోవాలి, నొక్కకూడదు. నాలుగైదు సెకన్లలో తెల్లటి గుడ్డ మీద రెండు నల్లటి చారలు పడతాయి. గుడ్డను కాస్త పక్కకు జరిపితే మళ్లీ రెండు. చారలు బూడిదరంగుకు తిరిగేదాకా సాగించి, ఇంజిన్‌ను అటుదిటు తిప్పి రెండో వైపు చక్రాలకూ అదే మర్యాద చేస్తారు.

మూడోది మనిషి చెయ్యి. అదీ చిన్నది కాదు. జెడ్ ఇంజిన్ విప్పేటప్పుడు లోపలి బుల్లి స్ప్రింగు ఎగిరిందంటే దాన్ని మళ్లీ చూసే యోగం ఉండదు. అనుభవజ్ఞులు పారదర్శకమైన పాలిథిన్ సంచిలో ఇంజిన్ పెట్టి, చేతులు మణికట్టుదాకా లోపలికి దూర్చి విప్పుతారు. స్ప్రింగు ఎటు ఎగిరినా సంచి దాటదు. ఫ్యాను కట్టేయాలి. జూన్ నెల ఢిల్లీలో ఫ్యాను కట్టేసి, సంచిలో చేతులు పెట్టుకుని కూర్చునే మనిషిని చూసి ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. రంగు వేసేటప్పుడూ ఇదే తంటా. కుంచెతో వేసిన పూత మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఉందనుకున్నా, జెడ్‌లో బోగీ మీద సెంటీమీటరు మందం రంగు పూసినట్టు. తలుపు గీతలు, కిటికీ అంచులు అన్నీ పూడిపోతాయి. అందుకే ఎయిర్‌బ్రష్ కొంటారు. కొన్నాక అది తుమ్మే రంగు తుంపరలకు కిటికీ తీయాలి, తీస్తే దుమ్ము.

నాలుగోది స్థలం. మునిర్కా ఊళ్లో అద్దె గదులు తెలిసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. జేఎన్‌యూ కుర్రాళ్లు, పక్కనున్న జియాసరాయ్, బేర్‌సరాయ్ కోచింగుల కోసం మన రాష్ట్రాల నుంచి దిగిన ఇంజనీర్లు సర్దుకునే ఆ పదడుగుల గదుల్లో మంచం, బల్ల, కూలర్ పోగా మిగిలేది మంచం కింది చోటే. 22 ఎల్‌హెచ్‌బీ బోగీలూ ఇంజినూ కలిపితే అసలు రైలు 550 మీటర్లు. జెడ్‌లో రెండున్నర మీటర్లు. గదిలో ఈ గోడకు ఇంజిన్ చేరితే ఆ గోడ దగ్గర గార్డు పెట్టె ఉంటుంది. ప్రయాణం చేయడానికి రైలుకు చోటు లేదు! మెజెంటా లైన్ ఆరు బోగీల బండి మాత్రం దాదాపు అరవై సెంటీమీటర్లలో ఒదిగిపోతుంది. ఇక్కడా మునిర్కాదే పైచేయి.

తెలుగువాడి మనసులో ఉండే నమూనా గోదావరి వంతెన. రాజమండ్రి దగ్గర 1997లో పూర్తయిన విల్లువంపు వంతెనకు 28 ఖానాలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. జెడ్‌లో ఒక్క విల్లు 44 సెంటీమీటర్లు. చూడముచ్చటగా ఉంటుంది. మొత్తం చేస్తే పన్నెండు మీటర్ల పైనే. టి గేజ్‌లోనైనా ఆరు మీటర్లు. గది గోడ బద్దలుకొట్టి పక్కింటివాళ్ల హాల్లోంచి పోనివ్వాలి. కాబట్టి చేయదలచినవాడు మూడు విల్లులు చేస్తాడు, రెండు గట్లు కడతాడు, మధ్యలో నది ఉందని మనల్ని నమ్మమంటాడు. ఎన్ని విల్లులు ఉంటే కళ్లు మోసపోతాయన్నదే కళ. రెండయితే వాగు మీది కల్వర్టులా తేలిపోతుంది, మూడయితే గోదావరి అనిపిస్తుంది. ఇది లెక్కతో వచ్చే జవాబు కాదు.

ఈ ఇరుకు ఒక్క ఢిల్లీదే కాదు. జపానులో టి-ట్రాక్ అని పుట్టింది. ఒక్కొక్కరు 31 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె మీద తమ ఊరి ముక్క కట్టుకుంటారు. అందరూ కలిసినరోజు పెట్టెలన్నీ బల్లల మీద వరసగా పేర్చి పట్టాలు తగిలిస్తే ఊళ్లన్నీ కలిసి ఒక దేశమవుతుంది. సాయంత్రానికి ఎవరి ఊరు వాళ్లు సంచిలో పెట్టుకుని ఇంటికి పోతారు. జెడ్ వాళ్లయితే సూట్‌కేసులోనే లోకం కట్టేస్తారు. మూత తీస్తే కొండ, సొరంగం, స్టేషన్.

చుట్టూ తిరిగి మొదటికే వచ్చే రైలును చూసి నవ్వేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఢిల్లీలో అసలు రైలూ ఒకటి అలాగే తిరుగుతుంది. గూడ్సు బండ్లను రద్దీ స్టేషన్ల నుంచి తప్పించడానికి 1975లో వేసి, 1982 ఆసియా క్రీడలకు ప్రయాణికుల బండ్లు పెంచిన రింగ్ రైల్వే 35 కిలోమీటర్ల చుట్టు. మునిర్కాకు అందుబాటులో ఉన్న సఫ్దర్‌జంగ్ స్టేషన్ దాని మీదిదే.

చిట్కా చెప్పడంలో పిసినారితనం లేకపోవడం ఈ అభిరుచి పాత గుణం. అది ఎంత దూరం పోయిందో తెలుగు ఇళ్లకు తెలియాలి, ఎందుకంటే కంప్యూటర్ల పుణ్యమా అని ఆ అన్నం మనం తిన్నాం. అమెరికాలో ఎంఐటీలో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ పెట్టారు. కొందరికి పైన కనిపించే కొండలూ ఇళ్లూ ఇష్టం. ఇంకొందరు బల్ల కిందే ఉండేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలతో పట్టాల మార్పిడిని నడిపే తీగల అడవిలో. ఒకడు కలిపిన తీగను ఇంకొకడు విప్పి మెరుగుపరచి, ఎలా చేశాడో అందరికీ చెప్పేవాడు. కాలేజీకి కంప్యూటర్ వచ్చినప్పుడు ఆ బల్ల కింది జనమే దాని ముందు వాలారు. 1962లో స్పేస్‌వార్ ఆట రాసిన స్టీవ్ రసెల్ ఆ క్లబ్బువాడే. రాసిన ప్రోగ్రాంను సొరుగులో దాచకుండా ఎవరైనా తీసి దిద్దుకోవచ్చన్న అలవాటు కంప్యూటర్ లోకంలోకి పాకిన దారుల్లో ఆ రైలు బల్ల ఒకటి.

ఇక్కడ మనవాళ్ల చిట్కాలకు ఇంకో కారణం కూడా ఉంది: డబ్బు. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎగబాకింది. స్కేలు నమూనాలదీ ఆ పద్దే. జర్మనీ నుంచి పట్టాలు మార్చే పాయింటు ఒకటి తెప్పించుకోవడమంటే ఇంట్లో సంజాయిషీ ఇచ్చుకోవలసిన ఖర్చు. అందువల్ల పట్టా, మోటారు మాత్రం విదేశాల నుంచి, మిగతాదంతా ఊళ్లోంచి. ఎల్‌ఈడీలు, సన్న తీగలు చాందినీ చౌక్ దగ్గర లాజ్‌పత్‌రాయ్ మార్కెట్‌లో. కంకరకు ఇసుక. రెండుసార్లు సన్న జల్లెడ పట్టి పట్టాల మధ్య పోసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, మందు చుక్కలు వేసే గొట్టంతో వదిలితే రేణువులు చెదరకుండా పీల్చుకుంటాయి. సబ్బు లేకపోతే చుక్క ఉండకట్టి నిలబడుతుంది, కంకర దాని వెంట పోతుంది. కాచి వడగట్టిన టీ పొడి కడిగి ఎండబెడితే అడవి నేల. మునిర్కాలో దానికి కరువా! కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి చేసే మక్కు, తెల్లపొణికి చెక్కను అతకడానికీ పూడ్చడానికీ తరాలుగా పనికొస్తోంది. జెడ్‌లో గుట్టలు మలచడానికి ఆ మక్కును వాడి చూడమని ఎవరైనా సలహా ఇస్తే తోసిపుచ్చాల్సిన పనిలేదు.

చిన్నదవడానికి ఒప్పుకున్నది వేడి ఒక్కటే: పట్టా ఎంత చిన్నదైతే సాగుడూ అంత చిన్నది. జనవరిలో అయిదు డిగ్రీల తెల్లవారుజాము నుంచి జూన్‌లో 45 డిగ్రీల మధ్యాహ్నానికి మీటరు నికెల్ సిల్వర్ పట్టా మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు సాగుతుంది. అందుకే పట్టా అతుకుల్లో విజిటింగ్ కార్డు పట్టేంత సందు వదులుతారు. వదలనివాళ్ల పట్టా మే నెలలో పాములా వంకర తిరుగుతుంది. వర్షాకాలం తేమకు ఉబ్బే ప్లైవుడ్ దీనికన్నా పెద్ద నేరస్థురాలు. బల్లకు అడుగున కూడా రంగు వేయమనేది అందుకే.

ఇన్నీ అమిరాక చాలామంది బండిని మరీ వేగంగా తోలుతారు. మోటార్లు తట్టుకోలేవని కాదు. 1978లో మార్క్‌లిన్ జెడ్ ఇంజిన్ ఒకటి ఆరు బోగీలతో 1,219 గంటలు ఆగకుండా నడిచి 720 కిలోమీటర్లు తిరిగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. లెక్కగడితే సెకనుకు పదహారు సెంటీమీటర్లు, 220 రెట్లు పెంచితే రాజధాని ఎక్స్‌ప్రెస్ జోరు. గంటకు 80 కిలోమీటర్లంటే జెడ్‌లో సెకనుకు పది సెంటీమీటర్లే. పట్టా పక్కన మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టి గడియారం చూడాలి. మొదటి గుర్తు నుంచి రెండోదానికి ఎన్‌లో ఏడు సెకన్లు, జెడ్‌లో పది, టి గేజ్‌లో ఇరవై పట్టాలి. అంత నెమ్మదిగా పోనిస్తే దారిలో ఎక్కడో ఒకచోట ఇంజిన్ తడబడి ఆగుతుంది. ఆగినచోట పట్టా తుడవాలి.